పేరుతో వెతికితే దొరకరు, సర్వే నంబరుతో దొరుకుతారు

పోయిన సంచికలో పాత దస్తావేజుల గురించి రాసినప్పటి నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. చాలామంది అడిగింది ఒకటే: మా ఇంటి పెద్దాయన ఎవరో, ఎలా బతికాడో తెలుసుకోవాలంటే ఎక్కడికి వెళ్ళాలి? ఐదు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది, అందులో సగం మిగతావాళ్ళకీ పనికొస్తుంది కాబట్టి.

ప్రశ్న: మా ముత్తాత పాలకొల్లులో బట్టల కొట్టు నడిపేవారట. ఆయన పేరు, ఒక పాత ఫొటో, ఆశ్వయుజ బహుళ చవితినాడు ఆబ్దికం పెడతారన్న సంగతి తప్ప మాకేమీ తెలీదు. ఏ సంవత్సరం పోయారో మా నాన్నగారికి కూడా తెలీదు. ఆన్‌లైన్‌లో పేరు కొట్టి చూస్తే ఏమీ రాలేదు. ఆర్కైవ్స్‌కి వెళ్ళాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇప్పుడే వెళ్ళకండి. అక్కడ కట్టలు మనుషుల పేర్లతో ఉండవు. జిల్లా, తాలూకా, శాఖ, సంవత్సరం, ఆ లెక్కన ఉంటాయి. ఆ జిల్లా ఏదన్నది కూడా సరిగ్గా చెప్పాలి. పాలకొల్లు ఉన్న నరసాపురం తాలూకా 1904 వరకు గోదావరి జిల్లాలో, ఆ తర్వాత 1925 వరకు కృష్ణా జిల్లాలో, అక్కణ్ణుంచి పశ్చిమ గోదావరిలో ఉంది. 1912 నాటి ఫైలు కోసం పశ్చిమ గోదావరి అని రాసిస్తే లేదనే చెబుతారు, అప్పటికి ఆ జిల్లాయే లేదు మరి.

పని ఇంట్లో మొదలుపెట్టండి. ట్రంకుపెట్టె, బీరువా పై అర, అటక మీది సంచులు అన్నీ దింపించండి. ఇంటిపన్ను రసీదు, శిస్తు రసీదు, ప్రామిసరీ నోటు, శుభలేఖ, ఏ కాగితమైనా సరే పారేయకుండా ఒక పక్కన పెట్టండి. వాటిలో మీకు ముందుగా కావాల్సింది ఒక నంబరు. ఆయన ఉన్న ఇంటిస్థలానిదో, ఉంటే పొలానిదో ఆర్.ఎస్. (రీసర్వే) నంబరు. మన రికార్డులన్నీ శిస్తు ఎవరు కట్టాలో తెలియటానికి రాసినవి, అందుకే అవి నేలని పట్టుకుని నడుస్తాయి. పేరుని నమ్ముకుంటే దారి తప్పుతాం. తాత పేరు మనవడికి పెట్టుకుంటూ వచ్చిన ఇళ్ళలో ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది, ఒక కాగితంలో వెంకటసుబ్బయ్య అని ఉన్నవాడే ఇంకోదాంట్లో సుబ్బయ్య అవుతాడు, దత్తత వెళ్ళినవాడికి ఇంటిపేరే మారిపోతుంది. నంబరు అలా మారదు. సబ్‌డివిజన్ అయితే పక్కన ఒకటో రెండో చేరుతుంది, అంతే. రీసర్వే జరిగి మారినా పాత నంబరూ కొత్త నంబరూ పక్కపక్కన చూపే రిజిస్టరు రెవెన్యూ వాళ్ళ దగ్గర ఉంటుంది.

ఆ నంబరు పట్టుకుని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళండి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా, ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి చేత్తో వెతికించుకోవాలి. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఉంటాయి. ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, రక్తసంబంధం రుజువు చేయమని అడగటానికి లేదు, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే ఆ హక్కు ఇచ్చింది. నా మాట విని ఆషాఢంలోనో మూఢంలోనో వెళ్ళండి. మంచి ముహూర్తాల రోజుల్లో అక్కడ నిలబడే చోటే ఉండదు, పాత వాల్యూము తీసి చూపించే తీరిక ఎవరికీ ఉండదు.

నకలు తీసుకునేటప్పుడు వెనక పేజీలోని రిజిస్ట్రేషన్ ఎండార్స్‌మెంటు కూడా కావాలని గట్టిగా చెప్పండి. చాలామంది ముందు పేజీలతో సరిపెట్టుకుంటారు. ఆ వెనక వైపే ఆయన తండ్రి పేరు, వృత్తి, నివాసం ఉంటాయి, ఆయన్ని గుర్తుపట్టిన సాక్షులు ఎవరో ఉంటుంది. తర్వాత చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు, చదవండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. మా ముత్తాత ఇంటి తనఖా కాగితంలో ‘తూర్పు: కొబ్బరి దొడ్డి, దక్షిణం: రాస్తా, పడమర: పంట బోదె, ఉత్తరం: మా అన్నగారి భాగపు పెంకుటిల్లు’ అని ఉంది. ఆయనకి అన్నగారు ఉన్నారని మా ఇంట్లో ఎవ్వరికీ తెలీదు! ఆ ఒక్క ముక్కతో ఒక కుటుంబం కుటుంబమే బయటపడింది, వాళ్ళ మనవలు ఇప్పుడు మా ఇంటి శుభకార్యాలకి వస్తున్నారు.

ఆ కాగితం సంగతి ఇంకొంచెం చెప్పాలి. మా ముత్తాత పేకాటలో ఆస్తి పోగొట్టాడని మా ఇంట్లో మూడు తరాలుగా అనుకున్నాం. చిన్నప్పుడు మేం పేకముక్కలు ముట్టుకుంటే ఆయన పేరు చెప్పి తిట్టేవారు. దస్తావేజులో మాత్రం ‘మా కుమార్తె వివాహ ఖర్చుల నిమిత్తమున్ను, పూర్వపు బాకీలు తీర్చుకొను నిమిత్తమున్ను’ అని ఉంది. అప్పట్లో ఉమ్మడి ఆస్తి అమ్మినా తాకట్టు పెట్టినా రేపు కొడుకులు కోర్టుకెళ్ళి కాదనకుండా, కుటుంబ అవసరం ఏమిటో రాయించుకునేవారు. ఆ మాటలు కొన్నిసార్లు లాంఛనంగా కూడా రాసేవారు కాబట్టి వెంటనే నమ్మలేదు, మా మేనత్త బామ్మ పెళ్ళి ఎప్పుడని వెతికాను. శుభలేఖ దొరికింది. తనఖాకి సరిగ్గా నెల తర్వాత ముహూర్తం. ఏడాది చూస్తే 1930. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళలో వడ్ల ధర సగానికి సగం పడిపోయింది, అప్పు మాత్రం అలాగే ఉండి వడ్డీతో పెరిగింది, గోదావరి జిల్లాల్లో ఎన్ని కొంపలు అలా మునిగాయో లెక్కలేదు. 1938లో రైతుల అప్పులు తగ్గిస్తూ మద్రాసు ప్రభుత్వం చట్టం చేసేసరికే మా ఇల్లు చేతులు మారిపోయింది. కూతురి పెళ్ళి చేసి చితికిపోయిన మనిషిని పేకాటరాయుడు అంటూ వచ్చాం. ఆ నకలు మా నాన్న చేతిలో పెట్టినప్పుడు ఆయన చదివి, కళ్ళజోడు తీసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక మీకు తిథి తెలుసన్నారు కదా, అది చాలా పెద్ద ఆధారం. మీ ముత్తాత సంతకం చేసిన చివరి దస్తావేజు ఏదో చూడండి. ఆయన కొడుకులు ‘కీ.శే. ఫలానా వారి కుమారులము’ అని రాసిన మొదటి దస్తావేజు ఏదో చూడండి. ఆయన పోయింది ఆ రెంటికీ మధ్య. మధ్యలో ఆరేళ్ళు ఉన్నాయనుకుందాం, ఆ ఆరేళ్ళలో ఆశ్వయుజ బహుళ చవితి వచ్చిన తేదీలు పాత పంచాంగాల్లో చూసి రాసుకుంటే మీరు వెతకాల్సినవి ఆరు తేదీలే. మద్రాసు రాష్ట్రంలో జనన మరణాలు రాయటానికి 1899 లోనే చట్టం ఉంది, పల్లెల్లో మునసబు రాసేవాడు. పాత రిజిస్టర్లు ఎక్కడెక్కడ మిగిలాయో తహసీల్దారు ఆఫీసులోనూ మునిసిపాలిటీలోనూ అడగండి. పుట్టుక కోసం వెతికేటప్పుడు మాత్రం బిడ్డ పేరు కోసం చూడకండి, బారసాలకి ముందే రాసేవారు కాబట్టి ‘మగశిశువు’ అని మాత్రమే ఉంటుంది, తండ్రి పేరుతో చూడాలి.

పాత కాగితాల్లో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) అని ఉంటే 590 కలపండి. ఫసలీ 1300 అంటే 1890 జులై నుంచి 1891 జూన్ వరకు. ప్రభవ, విభవ అని తెలుగు సంవత్సరం పేరే ఉంటే అది అరవై ఏళ్ళకోసారి వస్తుందని మర్చిపోకండి, ప్రభవ అంటే 1867 కావచ్చు, 1927 కూడా కావచ్చు. గొలుసుకట్టు రాత చదవలేకపోతే ఊళ్ళో పాత దస్తావేజు లేఖరులు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి, వాళ్ళు రెండు నిమిషాల్లో గడగడా చదివేస్తారు.

ఒక్క జాగ్రత్త. ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నవాళ్ళకి ముందే చెప్పండి, ఆస్తి కోసం రాలేదని. పాత నంబరు పట్టుకుని ఎవరో తిరుగుతున్నారంటే ఎవరికైనా టెన్షనే.

ప్రశ్న: మా అమ్మమ్మ వాళ్ళ అమ్మ పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ ‘దొడ్డమ్మ’ అనేవారట. పిల్లలు చిన్నగా ఉండగానే భర్త పోతే పుట్టింట్లో ఉండిపోయింది. అసలు ఆడవాళ్ళ పేర్లు రికార్డుల్లో ఉండేవా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉండేవమ్మా. చెప్పటానికి బాధగా ఉంటుంది గానీ, భర్త ఉన్న ఆడదాని కంటే భర్త పోయిన ఆడదే కాగితాల్లో ఎక్కువ కనిపిస్తుంది. అత్తింటివాళ్ళు ఆమెకి మనోవర్తి రాసిచ్చి ఉండొచ్చు. ఏటా ఇన్ని బస్తాల ధాన్యం, ఉండటానికి వీధి గది, ఆమె తదనంతరం మళ్ళీ మగవాళ్ళకే, ఇలా ఉంటాయి ఆ కాగితాలు. భూమి మీద హామీ పెట్టి రాస్తే ఒకటో పుస్తకంలో దొరుకుతుంది. ఇవ్వకపోతే ఆమె జిల్లా మునసబు కోర్టులో దావా వేసి ఉండొచ్చు. కోర్టులో కొన్ని కాగితాలు గడువు దాటాక తీసేస్తారు, తీర్పులూ డిక్రీలూ ఎక్కువ కాలం ఉంచుతారు, కాబట్టి అడిగి చూడండి. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఏమైనా రాసిచ్చారా అన్నది కూడా చూడాలి. అంటే మీరు వెతకాల్సింది ఆమె భర్త, మామగారు, అన్నదమ్ముల పొలాల నంబర్లు.

దానికంటే ముందు ఒక ఫోన్ చేయండి. మీ అమ్మమ్మ అన్నదమ్ముల కొడుకుల్లో తర్పణాలు వదిలేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? తండ్రి వైపు మూడు తరాల మగవాళ్ళ పేర్లతో పాటు తల్లి, పితామహి, ప్రపితామహి అని ఆడవాళ్ళ పేర్లూ చెప్పుకోవాలి. మీరు దొడ్డమ్మ అంటున్న ఆవిడ వాళ్ళకి పితామహి. పుష్కరాలకి వెళ్ళినప్పుడు పురోహితుడికి రాసిచ్చిన చీటీ ఏ పుస్తకంలోనో మిగిలి ఉండొచ్చు. మీవాళ్ళు గయ వెళ్ళి ఉంటే అక్కడి పండాల పుస్తకాల్లో కూడా మీ ఊరి పేరు మీద చూపించుకోండి.

పేరు దొరికాక వేలిముద్రల రిజిస్టరు ఉందేమో అడగటం మర్చిపోవద్దు. దస్తావేజు నకలులో ‘నిశానీ’ అన్న మాట మాత్రమే వస్తుంది, ఎందుకంటే అది గుమాస్తా చూసి రాసిన కాపీ. వేలిముద్రల పుస్తకంలో మాత్రం ఆవిడ స్వయంగా వేసిన ముద్ర ఉంటుంది. మా నాయనమ్మ అత్తగారిది నేను చూశాను. నల్ల సిరా గోధుమ రంగుకి తిరిగింది, ఎడమ బొటనవేలి గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, వాటిని అడ్డంగా కోస్తూ ఒక సన్నటి తెల్లగీత ఉంది. కత్తిపీట గాటు అయ్యుంటుందని నా నమ్మకం, మా అమ్మ వేలి మీదా సరిగ్గా అక్కడే ఉంది. ఆవిడ ఫొటో ఒక్కటి కూడా లేదు మాకు. ఆ గీత ఉంది.

ప్రశ్న: మాది జనగామ దగ్గర. తాతల నాటి కాగితాలు ఉర్దూలో ఉన్నాయి, ఎవరికి చూపించినా చదవలేకపోతున్నారు. తేదీలు కూడా ఏదో నెల పేర్లతో ఉన్నాయి. ఏం చేయాలె?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: అచ్చు ఉర్దూ చదివేవాళ్ళందరూ అది చదవలేరు. ఆఫీసుల్లో వాడింది శికస్తా, అంటే మన గొలుసుకట్టు లాంటి విరుపు రాత, చుక్కలు కూడా సరిగా పెట్టరు. పాత రెవెన్యూ కాగితాలతో పనిచేసిన పెద్దమనిషి కావాలి. నెలల పేర్లు ఆజూర్, దై, బహమన్ అని ఉంటే అవి నిజాం రాజ్యపు ఫసలీ నెలలు. అక్కడా 590 కలపాల్సిందే గానీ ఏడాది అక్టోబరులో మొదలవుతుంది, ఆంధ్ర ప్రాంతంలో లాగా జులైలో కాదు.

మీరు 1954–55 ఖాస్రా పహాణి నుంచి వెనక్కి నడవండి. అందులో సర్వే నంబరు పక్కన పట్టాదారు ఎవరో, సాగు చేస్తున్నది ఎవరో విడివిడిగా ఉంటుంది. కౌలుకు చేసుకున్న తాత అయితే ఆ రెండో గడిలో దొరుకుతాడు. దానికి వెనక సేత్వార్, అంటే సర్వే అయ్యాక రాసిన తొలి భూముల రిజిస్టరు, ఉంటుంది. మీ ఇంటికి ఇనాం భూమి ఉండి ఉంటే అదృష్టం, విచారణ జరిపి ఇచ్చిన ముంతఖబ్ (ఇనాం హక్కు పత్రం), విరాసత్ (వారసత్వం) ఫైళ్ళు వెతకండి. వారసుడెవరో తేల్చటానికి వంశవృక్షం గీయించి పెట్టుకునేవారు, మూడు నాలుగు తరాలు ఒక్క కాగితం మీద వస్తాయి. వీటికి మాత్రం తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కి వెళ్ళాల్సిందే, ఊరి పేరు, పాత తాలూకా, పాత జిల్లా రాసుకుని వెళ్ళండి.

ప్రశ్న: మీరు రాసేవన్నీ భూమి ఉన్నవాళ్ళకి. మాది ఒంగోలు ప్రాంతంలో మాదిగ కుటుంబం. మా ముత్తాత పాలేరు, సెంటు నేల లేదు. క్లౌ దొర కాలంలో మావాళ్ళు బాప్తిస్మం తీసుకున్నారని నాయనమ్మ చెప్పేది. మాకు దారి ఉందా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: మీరన్నది నిజం, ఆ మాట నన్ను ఆపింది. నేల లేనివాడి పేరు సర్కారు పుస్తకం ఎక్కటం కష్టం. మీ నాయనమ్మ మాటే మీ దారి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున జాన్ క్లౌ ఒంగోలు వచ్చింది 1866లో. 1876–78 ధాత కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కూలీలకి పని ఇప్పించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ ఊరికి పాత సంఘం ఉంటే బాప్తిస్మాల పుస్తకం, సభ్యుల జాబితా, పెళ్ళిళ్ళ రిజిస్టరు ఉన్నాయేమో పాస్టరుగారిని అడగండి. లేవంటే అప్పట్లో మీ ఊరు ఏ పెద్ద సంఘం కింద ఉండేదో కనుక్కుని అక్కడికి వెళ్ళండి. బాప్తిస్మంతో పేరు మారి ఉండొచ్చు, కాబట్టి మీ నాయనమ్మ చెప్పిన పేరుతో పాటు పాత పేరు కూడా తెలిసినవాళ్ళని అడిగి పెట్టుకోండి.

డక్కలివాళ్ళు మీ పేటకి వచ్చేవారా? మాదిగ కుటుంబాల వంశాలు చెప్పేది వాళ్ళే, ఏ ఇంటిపేరు ఏ ఊరి నుంచి కదిలిందో వాళ్ళని అడగండి. పెద్దవాళ్ళు ఎవరైనా దొరికితే రికార్డు చేయండి, ఆలస్యం చేయకండి. స్వాతంత్య్రం తర్వాత మీ తాతకి ప్రభుత్వం డీకేటీ పట్టా (భూమి లేనివాళ్ళకి ఇచ్చే సర్కారు భూమి పట్టా) ఇచ్చి ఉంటే ఆ ఫైలు కూడా అడగండి, పట్టా ఎవరికిచ్చారో తండ్రి పేరుతో సహా ఉంటుంది. తండ్రి పేరంటే మీరు వెతుకుతున్న ముత్తాతే కదా.

ప్రశ్న: డర్బన్‌లో ఉండే ఒక తెలుగు కుటుంబం మాకు పరిచయం. వాళ్ళ పూర్వీకుడి ఓడ కాగితంలో జిల్లా గంజాం, తాలూకా చికాకోల్, ఊరు ‘నర్సంపేట్’ అని ఉంది. నర్సంపేట వరంగల్ వైపు కదా, గంజాం ఒడిశా కదా, ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రెండు చోట్లా వద్దు. చికాకోల్ అంటే శ్రీకాకుళం, 1936లో ఒడిశా ఏర్పడే దాకా అది గంజాం జిల్లాలోనే ఉంది. ఆ చుట్టుపక్కల ఊరు కాబట్టి అది నరసన్నపేట అయ్యుంటుందని నా ఊహ. ఆయన నోటితో చెప్పింది గుమాస్తా తన చెవికి పట్టినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. కాగితంలో స్పెల్లింగు చూడకండి, పైకి గట్టిగా చదివి వినండి, ఊళ్ళు వినిపిస్తాయి.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా నేటాల్ (డర్బన్ ఉన్న దక్షిణాఫ్రికా ప్రాంతం) వెళ్ళిన కూలీల జాబితాలు ఉన్నాయి. వాటిలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు ఉంటాయి గానీ మనకి ముఖ్యమైన ఇంటిపేరు చాలావరకు ఉండదు. కాబట్టి నరసన్నపేట వెళ్ళినప్పుడు తండ్రి పేరూ కులమూ చెప్పి, మీ ఇళ్ళలో ఓడెక్కి పోయి తిరిగిరానివాడు ఎవరైనా ఉన్నాడా అని పెద్దవాళ్ళని అడగండి. వెళ్ళేముందు ఆ కాగితంలో ‘శరీరం మీద గుర్తులు’ అన్న గడి ఉంటే అందులో ఏముందో కూడా రాసుకోండి. ‘నుదుటి మీద ఎడమవైపు మచ్చ’ లాంటిది ఏదైనా ఉంటే, వెళ్ళిపోయిన తమ్ముడి గురించి ఏ ముసలమ్మో తన అత్త దగ్గర విన్న మాటతో అది కలవొచ్చు.